జగ్గమ్మ చేలో సిగ్నల్

శైలజకి ముప్పయ్యేడో ఏట మళ్లీ హాల్‌టికెట్టు వచ్చింది. దాన్ని చూసి ముందుగా నవ్వింది కూతురు సింధూరి. ఎనిమిదో తరగతి చదివే ఆ పిల్ల, ఫోటోలో అమ్మ మొహం చూసి, దొంగతనం చేసి దొరికిపోయినట్టున్నావంది. మొగుడు లక్ష్మణరావు నవ్వు ఆపుకుని బాగానే ఉందన్నాడు. అత్త జగ్గమ్మ మాత్రం నవ్వలేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర చెరో పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, ఇంతకీ ఇద్దర్లో పరీక్ష పోయింది ఎవరికని అడిగింది.

అత్తాకోడళ్ల మీద మనవాళ్లకి సామెతలకు కొదవలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఒకటి, కోడలు లేని అత్త గుణవంతురాలని దానికి జోడు. అవి కట్టినవాళ్లెవరూ రామతీర్థం దాటి ఈ ఊరిదాకా వచ్చినట్టు లేదు. జగ్గమ్మ శైలజకి మేనత్త కూడా. శైలజ తండ్రి ఎల్లాజీకి స్వయానా అక్క. గజపతినగరంలో పుట్టి ఈ ఊరికి కోడలై వచ్చింది, కొన్నాళ్లకి తమ్ముడి కూతుర్ని తన కొడుక్కి తెచ్చుకుంది. కాబట్టి తిట్టుకోవడానికి ఇద్దరికీ రెండు వైపుల నుంచీ హక్కుంది. ఆ హక్కుని వాళ్లు ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. పొద్దున్న టీ దగ్గర మొదలైన మాట స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా సాగేది. సాయంత్రం స్కూటీ చప్పుడు వినగానే జగ్గమ్మ మళ్లీ పొయ్యి మీద టీ పడేసి, పొద్దున్న ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది.

"నీకిప్పుడీ సదువేటే? పిల్ల సదువుకోవాల్సిన టయాన తల్లి సదువుతాదేటి?"

ఇది రోజూ ఉండేదే. శైలజ బదులు చెప్పడం ఎప్పుడో మానేసింది. అత్తకి తన చదువు గిట్టదని తేల్చుకుని, ఆ తేల్చుకున్నదాన్ని మనసులో ఒక మూల పెట్టి తాళం వేసుకుంది. మనుషుల గురించి అలా తాళాలు వేసుకోవడం మనందరికీ ఉన్న జబ్బే.

ఊసుపోక మొదలుపెట్టిన చదువు కాదది. శైలజ విజయనగరంలో ఒక ప్రైవేటు డిప్లొమా కాలేజీలో పాఠం చెబుతుంది. బీటెక్ అయిన వెంటనే చేరింది, అక్కడే పాతబడింది. పాఠం చెప్పడంలో ఆమెకో పద్ధతి ఉంది. ఒక చీటీ మీద ఆఖరి బెంచీ పిల్లవాడి పేరు రాసి, మడిచి, మొదటి బెంచీ చేతికిచ్చేది. ఎవరూ లేవకూడదు, నోరు విప్పకూడదు, చీటీ మాత్రం చేరాలి. చీటీ చేతులు మారుతూ, ఒకచోట దారితప్పి, ఇంకోచోట తిరిగొచ్చి, చివరికి చేరేసరికి క్లాసంతా నవ్వులు. అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లి, మీ ఫోనులో వచ్చే ప్రతి మెసేజీ ఇలాగే వస్తుందర్రా, ఇప్పుడు రాసుకోండి అనేది. ఆమె క్లాసులో నిద్రపోయినవాళ్లు లేరు. కనీసం చీటీ వచ్చేదాకా ఎవరూ నిద్రపోలేదు.

అలాంటి మనిషిని పిలిచి యాజమాన్యం ఒకరోజు చల్లగా కబురు చెప్పింది. ఎంటెక్ లేనివాళ్లు ఇకమీదట పాఠం చెప్పడానికి లేదు, కావాలంటే ఆఫీసులో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చోవచ్చు. జీతం అంతే ఉంటుందన్నారు. జీతం మాట శైలజ చెవిన పడలేదు. తన క్లాసులో వేరెవరో నిలబడి పుస్తకం చూసి గడగడా చదివేస్తున్నట్టు కళ్లకు కట్టింది, అంతే. ఊరికి అవతలున్న ఇంజనీరింగు కాలేజీకి వెళ్లి, కంప్యూటర్ నెట్‌వర్క్స్ అండ్ కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్‌కి చేరిపోయింది.

చేరాక మధ్యలో తండ్రికి జబ్బు చేసింది. ఆస్పత్రుల చుట్టూ తిరగడంతో చదువు ఆగింది. నాన్న లేచి తిరిగేసరికి మిగిలింది ఒక్క ప్రాజెక్టు, ఒక్క ఏడాది గడువు. ఈ ఏడు థీసిస్ ఇచ్చి వైవా గట్టెక్కకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అంత ఓపిక తనకి లేదని శైలజకి తెలుసు. అంటే ఈ అక్టోబరు దాటితే ఆమెకి మిగిలేది అడ్మిషన్ల బల్లే.

ఆమెకి గైడు ఆనంద్‌కుమార్. ఇక్కడ చిన్న చిక్కుంది. ఆ ఆనంద్‌కుమార్ పదిహేడేళ్ల వయసులో డిప్లొమా చదివేటప్పుడు శైలజ దగ్గరే చీటీలు అందించాడు. ఇప్పుడామె అతన్ని సార్ అనాలి. అతను నోరు తిరగక మేడమ్ అనే పిలుస్తాడు. ఆమె గదిలోకి వస్తే కుర్చీలోంచి లేవబోయి, గైడునని గుర్తొచ్చి, సగం లేచినవాడు అలాగే కూర్చుంటాడు. తప్పు దిద్దాల్సి వస్తే ఎర్ర పెన్ను తీయడు, పెన్సిలుతో కనబడీ కనబడకుండా గీత పెడతాడు. మంచి కుర్రాడు.

ప్రాజెక్టు శైలజ సొంత ఆలోచన. ఇంటి వెనకే ఉన్న మెట్ట చేలో నాలుగు డబ్బాలు పెట్టింది. పీవీసీ గొట్టం మీద కరెంటువాళ్లు వాడే జంక్షన్ బాక్సు, అందులో బ్యాటరీ, ఒక చిన్న రేడియో. నేలలోకి దిగిన పుల్లలు తేమ చూస్తాయి, పైనున్న పలక మీద చినుకు పడితే అదీ తెలుస్తుంది. ప్రతి డబ్బా ఉండుండి తన సంగతులు ఇంటి డాబా మీదున్న గేట్‌వేకి చెబుతుంది. గేట్‌వే వాటిని ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. డబ్బా మాట ఎంత బలంగా వినబడిందో కూడా అదే రాసుకుంటుంది. దగ్గరున్న డబ్బా గట్టిగా వినిపిస్తుంది, దూరానిది నీరసంగా వినిపిస్తుంది. ఎండలోనూ వానలోనూ, పైరు ఎదిగేకొద్దీ, ఎన్ని కబుర్లు చేరతాయి, ఎన్ని దారిలో పోతాయి అన్నది తేల్చాలి. జూన్‌లో వేరుశనగ విత్తనం పడ్డ రోజే డబ్బాలూ పాతింది. ఊరివాళ్లు వచ్చి చూసి, వీటికి ఎరువేం వేస్తారని అడిగిపోయారు.

మొదటి వాన పడింది. తర్వాతి వానలూ పడ్డాయి. కాలేజీ ల్యాబులో కూర్చుని లెక్కలు చూసుకున్న శైలజకి మతిపోయింది. వాన పడ్డంతసేపూ డబ్బాలు నేలలో తేమ లేదంటున్నాయి. చినుకు పలక పొడిగా ఉందంటున్నాయి. పైగా సిగ్నలు, తగ్గితే తగ్గాలి గానీ, వాన మొదలైన కాసేపటికే ఉన్నట్టుండి బలంగా లేస్తోంది. వాన వెలిశాక అన్నీ మామూలే.

తేమ సంగతికి పుల్లల్ని అనుమానించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, విశాఖపట్నం నుంచి తెప్పించిన సామాన్ని తిట్టుకుంటూ కొత్తవి వేసింది, కంత కనబడ్డచోటల్లా ఎంసీల్ పెట్టి మూసింది. మళ్లీ వాన వచ్చింది, మళ్లీ తేమ లేదు. కానీ సిగ్నలు బలపడటం మాత్రం ఆమెకి ఆశ పుట్టించింది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. తడిసిన నేల అద్దంలా పనిచేసి సిగ్నల్ని ఎగరేస్తోందేమో అనుకుంది. అనుకున్నది రాసింది, రాసినకొద్దీ నమ్మింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నమ్మడానికి చదువు అడ్డం రాదు, ఒక్కోసారి సాయం కూడా చేస్తుంది. గీతలు గీసి, పట్టికలు కట్టి, ఒక అధ్యాయం మొత్తం పూర్తి చేసింది. ఆనంద్‌కుమార్ చదివి నిజంగానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. దీన్ని ఏదైనా సదస్సుకి పంపుదాం మేడమ్ అన్నాడు. ఆ రోజు ఇంటికెళుతూ శైలజ స్కూటీ మీద పాట పాడుకుంది.

సెలవు రోజు వాన పడితే ఆమె గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, గీత పైకి లేవడం కళ్లారా చూసి మురిసిపోయేది. గోడకి అవతల ధాన్యం గది తలుపు కిర్రుమనడం వినబడేది. అత్త ఏదో సర్దుకుంటోందనుకునేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ముసురు పట్టి కాలేజీ ఒంటిపూటకే వదిలేశారు. శైలజ తడుస్తూ ఇంటికొచ్చి, స్కూటీని చూరు కిందికి తోద్దామని పెరటివైపు తిరిగింది. చేలోంచి జగ్గమ్మ వస్తోంది. చంకలో గొట్టాలు, కట్టెలమోపు పట్టినట్టు పట్టుకుంది. పైట చెంగు తల మీద లేదు. తీసి డబ్బాల మీద కప్పింది. నెరిసిన జుట్టులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కోడల్ని చూసి కూడా ఆగకుండా నేరుగా ధాన్యం గదిలోకి వెళ్లి, గొట్టాలు గోడకి చేరేసి, పాత చీరముక్క తీసుకుని ఒక్కో డబ్బానీ తుడవడం మొదలుపెట్టింది. పసిబిడ్డకి తల తుడిచినట్టు, మూల మూలా తుడుస్తోంది.

శైలజ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. అద్దం లేదు, తడినేల లేదు. వాన వస్తే డబ్బాలు ఇంట్లోకి వస్తున్నాయి. డాబా కిందే ఉంటాయి గనక గేట్‌వేకి గట్టిగా వినబడుతున్నాయి, పుల్లలు గాలిలో ఉంటాయి గనక తేమ లేదంటున్నాయి. వాన వెలవగానే అత్త వాటిని తీసుకెళ్లి, అదే కన్నంలో, అదే వైపు తిప్పి, చక్కగా పాతేస్తోంది. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"నిన్నెవులు ముట్టుకోమన్నారు?" అంది శైలజ.

జగ్గమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "వోనొచ్చింది. బట్టలు తెచ్చీసినాను, పిడకలు తెచ్చీసినాను. నీ డబ్బాలొక్కటీ ఒగ్గీసి రమ్మంతావేటి? హుద్‌హుద్ తుపానులో టీవీ తడిసి పోనేదా? కరెంటు సామాను గదా."

ఆ ఇంట్లో అదొక చట్టం. వాన చినుకు పడితే బయటున్నది లోపలికి రావాలి. కళ్లంలో ధాన్యం, దండెం మీద బట్ట, గోడ మీద పిడక, కట్టుగొయ్య దగ్గర దూడ. ఎవరూ ఎవరికీ చెప్పరు, చేతులే పరుగెడతాయి. నలభై ఏళ్లుగా పరుగెత్తిన చేతులు కోడలి డబ్బాల దగ్గర ఆగమంటే ఎలా ఆగుతాయి? ఇది శైలజకి తర్వాత తోచింది. అప్పుడు తోచింది మాత్రం గడువు, అడ్మిషన్ల బల్ల.

"అయి తడవడానికే పెట్టినానత్తా. నా కష్టమంతా మట్టిలో పోసీసినావు. నీకు నా సదువు గిట్టదని తెలుసు గాని, ఇంత పని సేస్తావనుకోనేదు."

జగ్గమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ఎన్నేళ్లుగా తిట్టుకున్నా ఇలాంటి మాట వాళ్లిద్దరి మధ్యకి ఎప్పుడూ రాలేదు. ఆమె డబ్బాని మెల్లగా కింద పెట్టింది.

"ఇంక నీ వస్తువ నాను ముట్టుకుంటే అడుగు. వోనకి నానిపోనీ, వరదకి కొట్టుకుపోనీ," అని లేచి వెళ్లిపోయింది. తడిచీర మార్చుకోమని కూడా శైలజ అనలేదు.

ఇదంతా విని లక్ష్మణరావు తెల్లబోయాడు. అమ్మ డబ్బాలు తేవడం అతను చాలాసార్లు చూశాడట. నువ్వే చెప్పి ఉంటావనుకున్నాను, ఎంత జాగ్రత్తగా తెస్తోందో అని సంతోషించాను కూడా అన్నాడు. శైలజకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తల తుడుచుకుంటూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది, అత్త తల తడిసి ఉంది, డబ్బాలు పొడిగా ఉన్నాయి. సిగ్గు ముంచుకొచ్చింది. వెళ్లి తప్పయిందత్తా అందామనుకుంది. కానీ తిట్టుకోవడం వచ్చినంత బాగా ఆ మాట వాళ్లిద్దరికీ రాదు. మేనత్త దగ్గర ఆరితేరిన నోరు, క్షమించమనడం ఎక్కడ నేర్చుకుంటుంది? మర్నాడు టీ కింద పెట్టేటప్పుడు గ్లాసు చప్పుడైంది, అంతే. మాటలు లేవు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు, సింధూరి భయపడి తనే పుస్తకం తీసి చదువుకుంది.

ఆనంద్‌కుమార్‌కి నిజం చెప్పింది. అతను చాలాసేపు పెన్సిలు తిప్పుతూ కూర్చుని, అద్దం అధ్యాయం తీసేద్దాం, వానరోజుల లెక్కలూ తీసేద్దాం, మిగిలినవి చాలు, ఎవరూ అడగరు మేడమ్ అన్నాడు. శైలజ ఒక సాయంత్రమంతా కూర్చుని నిజంగానే తీసేసి చూసింది. వానాకాలంలో చేసిన ప్రయోగంలో వాన లేకుండా పోయింది. పాఠం చెప్పే మనిషికి అది చేతులారా చేసే పని కాదనిపించింది. మళ్లీ అన్నీ తిరిగి పెట్టింది.

పెట్టి, ఆ గీతల్ని మరోలా చూసింది. డబ్బా చేలోంచి ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ సిగ్నలు ఒకే తీరుగా లేచింది. మెల్లగా మొదలై, నడక వేగాన పెరిగి, గదిలోకి రాగానే స్థిరపడింది. అంటే సిగ్నల్ని బట్టే డబ్బా తన చోట ఉందో, ఎవరైనా ఎత్తుకెళ్లారో చెప్పొచ్చు. పొలాల్లో పెట్టిన యంత్రాల్ని దొంగలు పట్టుకుపోతారు, గేదెలు పడేస్తాయి, నీళ్లు లాక్కుపోతాయి. చెప్పే ఉపాయం ఉంటే పనికొచ్చేదే. గబగబా ప్రోగ్రాం రాసింది, పాత వానలన్నిటి మీదా నడిపింది, అత్త అడుగులన్నీ పట్టేసింది. కొత్త అధ్యాయం రాసి, గడువు లోపల థీసిస్ ఇచ్చేసింది. డబ్బాలు కదిలించిన మనిషి గురించి ఏమని రాద్దామని ఆనంద్‌కుమార్ అడిగితే, ఇంటి పెద్దావిడ అని రాసింది.

జగ్గమ్మ మాటంటే మాటే. వానలొచ్చాయి, పోయాయి, ఆమె డబ్బాల వైపు చూడలేదు. వేరుశనగ తీసేసి ఉలవ చల్లినప్పుడు కూడా కూలీలకి, వాటికి దూరంగా నడవండర్రా, ముట్టుకుంటే కేసులైపోతాయని చెప్పిందట. మాటలు మళ్లీ మొదలయ్యాయి గానీ, కూర, ఉప్పు, పిల్ల జ్వరం వరకే. నీకీ సదువేటే అని మాత్రం అడగడం మానేసింది. అదడగని పొద్దుట శైలజకి ఏదో వెలితిగా ఉండేది.

అక్టోబరు నెలాఖరున వైవా పెట్టారు. బయటి నుంచి పరీక్షకుడిగా మురళీమోహన్ గారనే పెద్దాయన వచ్చారు. మెత్తగా మాట్లాడతారు, మెత్తగానే నరుకుతారు. శైలజ చెప్పిందంతా విని, అమ్మా, డబ్బాలు కదిలాయని మీకు ముందే తెలుసు, తెలిసినదాన్ని మీ ప్రోగ్రాం మళ్లీ కనిపెట్టింది, ఇందులో రుజువేముంది అన్నారు. ఇప్పుడు నా ఎదుట ఒక డబ్బా కదలాలి, మీ ప్రోగ్రాం చెప్పాలి. లేకపోతే ఇంకొన్నాళ్లు పనిచేసి మళ్లీ ఇవ్వండి.

ఆమెకి మళ్లీ అన్నది లేదని ఆయనకి తెలియదు. ఆనంద్‌కుమార్‌కి తెలుసు, అతను గోడ వైపు చూశాడు.

శైలజ ఇంట్లో ఫోన్లకి చేసింది. లక్ష్మణరావు ఎత్తలేదు. జగ్గమ్మ ఎత్తలేదు. ఎదురుగా తెర మీద చేలోని నాలుగు డబ్బాలూ కనబడుతున్నాయి, పరీక్ష కోసం నిమిషానికోసారి పలికేలా పొద్దున్నే మార్చి వచ్చింది. చూస్తూ ఉండగా ఒకటో డబ్బా చినుకన్నది. రెండోది, మూడోది కూడా తడి అన్నాయి. ఊళ్లో వాన మొదలైంది. నాలుగోది మాత్రం పొడిగానే ఉంది. నిమిషాలు గడిచాయి, అదే మాట.

మురళీమోహన్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. అన్నీ ఒకే చేలో కదమ్మా, దాన్ని ఎవరో లోపలికి తీసుకెళ్లారన్నమాట, మీ ప్రోగ్రాం మాత్రం కదల్లేదంటోంది అన్నారు. ఆయన పెన్ను కాగితం మీదికి వచ్చింది.

శైలజ తెర దగ్గరికంటా వంగి చూసింది. ఆ పలక చెడిపోయిందని చెబితే అందరూ ఒప్పుకుంటారు. కానీ సిగ్నలు లేవలేదు, పైపెచ్చు కొద్దిగా నీరసించింది. ఏదో అడ్డు నిలబడితే అలా నీరసిస్తుంది. గోడ కాదు, చెట్టు కాదు, అక్కడవేమీ లేవు. పల్లం వైపున్న డబ్బా అది, వాన పడితే నీళ్లు నిలిచే చోటు, ముందుగా మునిగేది అదే. ఒక్కసారిగా ఆమెకి అంతా తెలిసిపోయింది.

"అది కదల్లేదు సార్. పక్కన ఒక మనిషి నిలబడ్డారు. వాన పడకుండా పట్టుకున్నారు," అంది.

ఎవరని ఆయన అడిగేలోగా ఫోను మోగింది. లక్ష్మణరావు. శైలజ అందరికీ వినబడేలా పెట్టి, చేలోకి వెళ్లి చూడమంది. వెనక వాన చప్పుడు హోరుమంటోంది. కాసేపటికి అతను రొప్పుతూ పలికాడు.

"అమ్మ గొడుగట్టుకుని నిలబడీసింది శైలజా, తను తడిసిపోతన్నాది. గొడుగంతా డబ్బా మీదే పెట్టీసింది. రాయే అంటే రానంటాది. నాను ముట్టుకోనేదని నీకు సెప్పమంటాది."

గదిలో ఎవరో నవ్వారు. శైలజకి తెర మసకబారింది. ఇన్నాళ్లూ తాళం వేసుకున్న మూల ఒక్కసారి తెరుచుకున్నట్టయింది. తన చదువు గిట్టని మనిషి ఎక్కడైనా ఇలా వానలో నిలబడుతుందా?

"ఫోను అత్తకియ్యి బావా," అంది. ఇచ్చాడు. ఊపిరి వినబడింది. "అత్తా, తియ్యీ. తీసి ఇంట్లోకి పట్టుకెళ్లిపో."



"మల్లీ తిట్టవు గదా?" అంది జగ్గమ్మ.

"తిట్టను. ఆవేళ నాదే తప్పు. పట్టుకెళ్లు అత్తా, తడిసిపోతాది."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. తెర మీద నాలుగో డబ్బా గీత మెల్లగా కదిలింది, పెద్దావిడ నడకంత నెమ్మదిగా పైకి ఎక్కింది, ఇంటి దగ్గరయ్యేకొద్దీ బలపడింది. ప్రోగ్రాం దాని పక్కన కదిలింది అని రాసింది. ఆనంద్‌కుమార్ ఈసారి కుర్చీలోంచి పూర్తిగా లేచాడు. మురళీమోహన్ గారు పెన్ను పక్కన పెట్టి, ముందుకు వంగి కూర్చున్నారు.

ఆ వెంటనే మూడో డబ్బా కదిలింది. తర్వాత రెండోది, ఒకటోది కూడా. శైలజ ఒకదాన్నే తియ్యమంది. జగ్గమ్మ వానలో మళ్లీ చేలోకి వెళ్లి నాలుగూ తెచ్చుకుంటోంది.

"చాలమ్మా, ఆవిణ్ని ఇక బట్టలు మార్చుకోమనండి," అని మురళీమోహన్ గారు కాగితాలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు.